కార్బన్ స్టీలు కత్తికి నలుపు తేలే తీరు

కొత్త కార్బన్ స్టీలు కత్తితో మొదటి ఉల్లిపాయ తరిగినవారికి ఒక దృశ్యం గుర్తుండిపోతుంది. అద్దంలా మెరుస్తున్న అలుగు మీద రసం అంటిన మేర కొద్ది నిమిషాల్లోనే లేత బూడిద చాయ కమ్ముకుంటుంది. తరిగిన ముక్కల అంచులు కూడా కాస్త మసకబారి, ముక్కుకు ఇనుము వాసన తగులుతుంది. కొత్త వస్తువు పాడైపోతున్నదన్న కంగారుతో చాలామంది అప్పటికప్పుడే పీచు పట్టుకుని ఆ చాయను తోమి తీసేస్తారు. మరునాడు అది మళ్ళీ వస్తుంది, మళ్ళీ తోముతారు. కొన్ని వారాలు ఇలా గడిచేసరికి అలుగు నిండా గీతలు పడతాయి, చాయ రావడం మాత్రం ఆగదు, చివరికి ఏదో ఒక రాత్రి తడిగా వదిలేసిన కత్తి మీద తెల్లవారేసరికి ఎర్రతుప్పు కనిపిస్తుంది. రోజూ శ్రమపడి తోమి పోగొట్టుకున్నది ఆ ఎర్రతుప్పుకు కొంతైనా అడ్డుపడగలిగిన పొరనేనని అప్పటికి వారికి తెలియదు.

ఆ పొరను పాటినా అంటారు. రాగికీ ఇత్తడికీ పట్టేదాన్ని చిలుము అంటాం, ఇనుముకు పట్టేదాన్ని తుప్పు అంటాం. రెండు మాటల్లోనూ వస్తువు చెడిపోతున్నదన్న భావమే ఉంది కనుక, ఇనుము మీదే పుట్టి ఇనుమునే కాచే ఈ నలుపుకు అవి నప్పవు. అయితే పేరు వేరు పెట్టినంత మాత్రాన చిక్కు తీరదు. రసాయనశాస్త్రం ప్రకారం తుప్పు, పాటినా ఒక్క కుదురు నుంచి పుట్టినవే: రెండింటిలోనూ ఇనుము పరమాణువులు ఎలక్ట్రాన్లను వదులుకుని, లోహస్థితి నుంచి సమ్మేళనస్థితికి మారుతున్నాయి. ఒకే చర్య ఒకచోట లోహాన్ని తినేస్తూ పోవడం, మరోచోట కొంతదూరం వెళ్ళి నెమ్మదించడం ఎందుకు జరుగుతుందన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు తెలిస్తే కత్తిని ఎలా వాడాలి, ఎలా తుడవాలి, దేనికి కంగారుపడాలి, దేనికి అక్కరలేదు అన్న సంగతులన్నీ వాటంతటవే తేలిపోతాయి.

ముందుగా లోహం సంగతి. వంటింటి కత్తులకు వాడే కార్బన్ స్టీలులో కార్బన్ పాలు సాధారణంగా 0.6 నుంచి 1.4 శాతం వరకు ఉంటుంది. 1095 అనే సంఖ్యతో పిలిచే ఉక్కులో అది సుమారు 0.95 శాతం, జపాను కత్తుల తయారీలో పేరుపడ్డ షిరోగామి, అంటే తెల్లకాగితపు ఉక్కు, రెండో రకంలో 1.05 నుంచి 1.15 శాతం. ఈ ఉక్కులు సానరాయి మీద త్వరగా లొంగి, సన్నని పదును ఇస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలు అనిపించుకోవాలంటే అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ అనే లోహశాస్త్రవేత్త తుపాకీ గొట్టాల అరుగుదలను తగ్గించే మార్గం వెతుకుతూ దాదాపు 13 శాతం క్రోమియం ఉన్న ఉక్కును పోతపోశాడు. అది మరకపడకపోవడం గమనించాక దాన్ని కత్తుల వైపు మళ్ళించాడు. ఆ ఉక్కు ఉపరితలం మీద కొన్ని నానోమీటర్ల మందంతో క్రోమియం ఆక్సైడు పొర దానంతటదే ఏర్పడుతుంది, గీరుకుపోతే గాలి తగలగానే మళ్ళీ పూడుకుంటుంది. ఉక్కులో క్రోమియం ఉన్నంత మాత్రాన ఈ కాపలా దొరకదు: డీ2 అనే ఉక్కులో క్రోమియం సుమారు 12 శాతం ఉన్నా, అందులో చాలా భాగం కార్బన్‌తో ముడిపడి కార్బైడ్లుగా మారిపోవడం వల్ల ఆ ఉక్కుకూ మరకలు పడతాయి. కార్బన్ స్టీలుకైతే అటువంటి కాపలా బొత్తిగా లేదు. దానికి దక్కే రక్షణ ఏదైనా వాడకంలో సంపాదించుకోవలసిందే.

ఒక్క నీటిబొట్టులో జరిగే పని

తుప్పు ఎలా పుడుతుందో చూపడానికి కేంబ్రిడ్జిలో పనిచేసిన యూలిక్ ఎవాన్స్ 1920ల్లో చేసిన ఉప్పునీటి బొట్టు ప్రయోగాన్ని మించినది లేదని నా అభిప్రాయం. దాన్ని ఇంట్లో కూడా చేసి చూడవచ్చు. నున్నగా రుద్ది, జిడ్డు లేకుండా కడిగి ఆరబెట్టిన ఉక్కు ముక్క మీద ఒక్క బొట్టు ఉప్పునీరు వేసి, భూతద్దంతో చూస్తూ ఉండాలి. మొదట ఏ మార్పూ కనిపించదు. కొంతసేపటికి బొట్టు మధ్యలో లోహం మెరుపు తగ్గి మసకబారుతుంది. ఇంకాసేపటికి ఆ మసకకూ బొట్టు అంచుకూ నడుమ గోధుమరంగు వలయం ఒకటి ఏర్పడుతుంది. బొట్టు అంచుకు ఆనుకుని ఉన్న సన్నని పట్టీ మాత్రం మెరుస్తూనే ఉంటుంది. నేను చేసి చూసినప్పుడు నన్ను ఆశ్చర్యపరచింది ఆ మెరిసే అంచే, ఎందుకంటే గాలి ఎక్కువగా తగిలేచోటే ముందు తుప్పు పడుతుందని అంతవరకు అనుకునేవాణ్ణి.

జరిగేది ఇది. బొట్టు అంచున నీరు పలుచగా ఉంటుంది కనుక గాలిలోని ఆక్సిజన్ అక్కడికి సులభంగా చేరి, లోహం నుంచి ఎలక్ట్రాన్లను తీసుకుని హైడ్రాక్సైడు అయాన్లుగా మారుతుంది. ఆ ఎలక్ట్రాన్లను ఇచ్చేది బొట్టు మధ్యభాగం: ఆక్సిజన్ అందని అక్కడ ఇనుము పరమాణువులు అయాన్లుగా మారి నీటిలోకి దిగిపోతాయి. ఒక్క బొట్టే చిన్న బ్యాటరీ అయిపోయిందన్నమాట. మధ్య నుంచి బయలుదేరిన ఇనుము అయాన్లు, అంచు నుంచి బయలుదేరిన హైడ్రాక్సైడు అయాన్లు దారిలో కలుసుకున్నచోట తుప్పు వలయంగా పేరుకుంటుంది. అంటే లోహం కరుగుతున్నది ఒకచోట, తుప్పు పేరుకుంటున్నది మరొకచోట. పుట్టిన పదార్థం లోహాన్ని అంటిపెట్టుకుని పుట్టలేదు కనుక అది లోహాన్ని కప్పలేదు, కాయలేదు. ఉప్పు ఇందులో చేసే పని రెండు విధాలు: నీటిలో విద్యుత్తు సులభంగా పారేలా చేస్తుంది, లోహం మీద అంతో ఇంతో ఉన్న ఆక్సైడు పొరను క్లోరైడు అయాన్లతో ఛేదించి గుంటలు పడేలా చేస్తుంది. బొట్టు ఆరిపోతున్నకొద్దీ అందులోని ఉప్పు చిక్కబడుతుంది కనుక, కత్తి మీద వాటంతటవే ఆరిపోయేలా వదిలేసిన బొట్లు గుండ్రని మచ్చలను మిగల్చడంలో వింతేమీ లేదు.

ఇలా ఏర్పడే ఎర్రతుప్పు నీటితో కూడిన ఇనుము ఆక్సైడు. అది ఆక్రమించే చోటు, అది పుట్టడానికి ఖర్చయిన ఇనుము ఆక్రమించిన చోటుకు దాదాపు మూడింతలు. అంత ఉబ్బిన పదార్థం లోహాన్ని గట్టిగా పట్టుకుని ఉండలేక పగిలి, పొడిగా రాలుతుంది. దాని రంధ్రాల్లో తేమ నిలిచి అడుగున కొత్త బ్యాటరీలకు చోటిస్తుంది. నల్లని మాగ్నటైటు అనే మరో ఆక్సైడులో ఈ ఉబ్బు రెండింతలకు కాస్త ఎక్కువ మాత్రమే. అది మరింత దట్టంగా ఉండి, పలుచగా ఏర్పడినప్పుడు లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. పాటినా అంటే మాగ్నటైటేనని చాలాచోట్ల రాస్తారు గానీ, అది సగం నిజం. వంటింట్లో, మామూలు ఉష్ణోగ్రత దగ్గర, రకరకాల రసాల మధ్య ఏర్పడే పొరలో నల్లని ఆక్సైడుతో పాటు ఆహారంలోని ఆమ్లాలతోనూ పాలీఫినాళ్ళతోనూ ఫాస్ఫేట్లతోనూ గంధక సమ్మేళనాలతోనూ ఇనుము కలిసి ఏర్పడిన పదార్థాలెన్నో ఉంటాయి. దాని కూర్పు ప్రతి కత్తికీ ఆ కత్తి కోసినవాటిని బట్టి మారుతుంది.

తుడుపుకు నిలిచిన పొర

ఇప్పుడు మొదటి ప్రశ్నకు, అంటే ఒకే చర్య ఒకచోట లోహాన్ని తినేస్తూ పోయి మరోచోట ఎందుకు నెమ్మదిస్తుందన్నదానికి, రావచ్చు. తరిగేటప్పుడు కత్తి మీద ఉండే ద్రవం నీటిబొట్టులా కదలకుండా కూర్చోదు. ప్రతి కోతతోనూ పాత రసం ఒరుసుకుపోయి కొత్త రసం వస్తుంది, అది అలుగంతా పలుచగా పరుచుకుంటుంది. బొట్టులోని మధ్యకూ అంచుకూ ఉన్నంత తేడా ఇక్కడ ఏర్పడదు కనుక చర్య ఒక్కచోట లోతుకు దిగకుండా ఉపరితలమంతా పైపైన జరుగుతుంది. స్వల్పంగా ఆమ్లగుణం ఉన్న రసం కొద్దిగా ఇనుమును కరిగిస్తుంది, కరిగిన ఇనుము దూరం పోకముందే రసంలోని పదార్థాలతో కలిసి, నీటిలో కరగని సన్నని పొరగా అక్కడే దిగుతుంది. ఆ తరువాత వచ్చేది తుడవడం. గుడ్డతో తుడిచినప్పుడు లోహాన్ని గట్టిగా పట్టుకోని పదార్థమంతా గుడ్డతో వెళ్ళిపోతుంది, పట్టుకున్నది నిలుస్తుంది. మరునాడు దాని మీద ఇంకొంత దిగుతుంది, మళ్ళీ తుడుపు, మళ్ళీ ఏరివేత. ఇలా వందలసార్లు ఏరగా మిగిలినదే పాటినా. పాటినాను తుడుపుకు నిలిచిన పొర అని నిర్వచిస్తే ఈ విషయంలో ఉన్న గందరగోళం చాలావరకు తొలగిపోతుందని నేను నమ్ముతాను.

ఈ నమ్మకానికి బలమిచ్చే ఉదాహరణ తుపాకీ గొట్టాలకు రంగు వేసే పాత పద్ధతిలో ఉంది. ఆ పనివారు గొట్టం మీద ముందు కావాలని సన్నని ఎర్రతుప్పు సమంగా పట్టేలా చేస్తారు. తరువాత దాన్ని మరుగుతున్న శుభ్రమైన నీటిలో ఉంచితే ఎర్రని ఆక్సైడు నల్లని మాగ్నటైటుగా మారుతుంది. అప్పుడు మెత్తని తీగ కుంచెతో రుద్ది, వదులుగా ఉన్న నల్లపొడినంతా తీసేస్తారు. మళ్ళీ తుప్పు, మళ్ళీ మరగబెట్టడం, మళ్ళీ రుద్దడం. ఇన్నిసార్లు తిప్పగా చివరికి లోతైన నీలినలుపు నిలుస్తుంది. ప్రతి విడతలోనూ రుద్ది తీసేయడం ఆ పద్ధతిలో తప్పనిసరి భాగం. ఆ పొడిని అలాగే వదిలేస్తే మీద పేరుకునేదంతా దానితోపాటే రాలిపోతుంది.

తడి, ఆరుదల ఒకదాని వెంట ఒకటి రావడం ఎంత ముఖ్యమో చెప్పడానికి కట్టడాల ఉక్కు నుంచి మరో ఉదాహరణ తీసుకోవచ్చు. 1933లో యునైటెడ్ స్టేట్స్ స్టీల్ సంస్థ కార్‌టెన్ అనే ఉక్కును మార్కెట్లోకి తెచ్చింది. రాగి, క్రోమియం, ఫాస్ఫరస్ స్వల్పంగా కలిసిన ఆ ఉక్కు ఆరుబయట వానకు తడిసి ఎండకు ఆరుతూ ఉంటే, కొన్నేళ్ళలో దాని మీద దట్టమైన తుప్పుపొర ఏర్పడి లోపలి లోహం కరుగుదలను బాగా తగ్గిస్తుంది. అదే ఉక్కును నీరు నిలిచేచోట, ఎప్పుడూ ఆరనిచోట వాడితే మామూలు ఉక్కులాగే తినేయబడుతుంది. కత్తికీ ఇదే వర్తిస్తుంది: తడి పొరను పుట్టిస్తుంది, ఆరుదల దాన్ని గట్టిపరుస్తుంది, నిలిచిన తడి దాన్ని చెడగొడుతుంది.

రంగుల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పాటినా పట్ల జనానికున్న మోజులో చాలా భాగం రంగుల మీదే ఉంది. ఇందులో రెండు వేర్వేరు కారణాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, పదార్థానికి సహజంగా ఉండే రంగు. మొక్కల్లో వగరునిచ్చే టానిన్లు అనే పదార్థాలు ఇనుముతో కలిస్తే నీలినలుపు వస్తుంది. ఇనుపలవణాన్ని సింధూర (ఓక్) వృక్షపు బుడిపెల కషాయంతో కలిపి శతాబ్దాలపాటు ఐరోపాలో రాతసిరా తయారుచేసింది ఈ చర్యతోనే, పురావస్తువుల సంరక్షకులు తుప్పుపట్టిన ఇనుముకు టానిక్ ఆమ్లం పూసేదీ ఈ చర్య కోసమే. బంగాళాదుంపలోని క్లోరోజెనిక్ ఆమ్లానికి కూడా ఇనుముతో కలిసి ముదురురంగు ఇచ్చే గుణం ఉంది. ఉడికిన దుంప చల్లారాక కొన్నిసార్లు నల్లబడేది అందుకే. రెండో కారణం కాంతి. పొర చాలా పలుచగా, మిల్లీమీటరులో పదివేలో వంతు కంటే తక్కువ మందంతో ఉన్నప్పుడు దాని పైముఖం నుంచి తిరిగివచ్చిన కాంతి, అడుగుముఖం నుంచి తిరిగివచ్చిన కాంతి ఒకదానితో ఒకటి కలిసి కొన్ని రంగులను అణచి కొన్నింటిని పెంచుతాయి. నీటి మీద తేలే నూనెతెట్టులో కనిపించే రంగుల ఇంద్రజాలం ఇదే. పొర మందం పెరుగుతున్నకొద్దీ గడ్డిపసుపు, ఊదా, నీలం వరుసగా వచ్చి, చివరికి బూడిదలోకీ నలుపులోకీ దిగుతాయి. మాంసం కోసిన కత్తుల మీద నెమలి మెడను తలపించే నీలం వస్తుంది, అది వెచ్చని మాంసమైతే మరింత త్వరగా వస్తుంది. వెచ్చదనం చర్యను వేగవంతం చేస్తుంది, మెత్తని తడి మాంసం అలుగుకు అంతటా సమంగా ఆనుకుంటుంది కనుక పొర ఒకే మందంలో పరుచుకుంటుంది. ఆ నీలం ఎంత అందంగా ఉన్నా అది పలుచని, తొలిదశ పొరకు గుర్తు. దాన్ని చూసి మురిసిపోయేవారు, నాలుగు నెలల తరువాత అది మాసిన బూడిదగా మారిందని నొచ్చుకోనక్కరలేదు. బూడిదగా మారిన పొర మరింత ముదిరినది, మరింత ఉపయోగపడేది.

పెంచే పద్ధతి

కొత్త కత్తికి సాధారణంగా తుప్పు పట్టకుండా నూనె గానీ సన్నని లక్క వంటి పూత గానీ వేసి పంపుతారు. పాటినా సమంగా రావాలంటే ముందు దీన్ని పూర్తిగా తీసేయాలి. వెచ్చని నీరు, గిన్నెలు కడిగే సబ్బు చాలావరకు సరిపోతాయి. సబ్బుకు లొంగని పూత ఉంటే దూదిని ఆల్కహాలుతో గానీ అసిటోనుతో గానీ తడిపి తుడిచి, మళ్ళీ సబ్బుతో కడగాలి. వేలిముద్రల జిడ్డు కూడా తొలివారాల్లో స్పష్టంగా అచ్చుపడుతుంది కనుక కడిగాక అలుగును చేత్తో తాకకుండా గుడ్డతో పట్టుకోవడం మంచిది.

తరువాత చేయవలసింది వంట. ఉల్లి, బంగాళాదుంప, మాంసం, ఆకుకూరలు, గట్టి పండ్లు ఏవైనా సరే, కోయవలసినవి కోస్తూ పోవడమే. ఆమ్లగుణం ఎంత తక్కువగా ఉంటే పొర అంత మెల్లగా, అంత గట్టిగా కడుతుంది. ఆమ్లగుణాన్ని కొలిచే అంకె పీహెచ్: ఉల్లిపాయది సుమారు 5.5, మాంసానిది కూడా దాదాపు అంతే, టమాటా 4.3 నుంచి 4.9 మధ్య, నిమ్మరసం 2 నుంచి 2.6 మధ్య ఉంటాయి. పీహెచ్ ఒక్క అంకె తగ్గిందంటే ఆమ్లగాఢత పదింతలు పెరిగినట్టు లెక్క, కాబట్టి ఉల్లికీ నిమ్మకూ మధ్య తేడా దాదాపు వెయ్యింతలు, ఒక్కోసారి అంతకు మించి కూడా ఉంటుంది. నిమ్మరసం కొత్త పొరను కట్టదు సరికదా, కట్టిన పొరను కరిగించి అడుగున లోహాన్ని కొరికి, మెరుపులేని తెల్లబూడిద మచ్చను మిగులుస్తుంది. నేను ఏడాదిపాటు పెంచుకున్న పొర మీద సగం నిమ్మచెక్క ఒక పావుగంట ఆని ఉండిపోయినందుకు, ఆ చెక్క ఆకారం అలుగు మీద నెలల తరబడి కనిపించింది. నిమ్మను కోయకూడదని దీని అర్థం కాదు. కోసిన వెంటనే కడిగి తుడవాలని అర్థం.

తుడవడం అన్నది పని అంతా ముగిశాక చేసే ఆఖరి పనిగా భావిస్తే సగం ప్రయోజనం పోతుంది. పలక పక్కన మడిచిన తడిగుడ్డ ఒకటి, పొడిగుడ్డ ఒకటి ఉంచుకుని, ఒక పదార్థం నుంచి మరో పదార్థానికి మారే ప్రతిసారీ తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవాలి. ఆమ్లగుణం ఉన్నవి, ఉప్పు కలిసినవి కోస్తున్నప్పుడు నాలుగైదు నిమిషాలకు ఒకసారైనా తుడవాలి. అలుగు వెన్ను వైపు నుంచి గుడ్డను పట్టి, పిడి దగ్గర నుంచి మొన వైపు లాగితే చేయి తెగదు. పని ముగిశాక మెత్తని స్పాంజితో, సబ్బునీటితో కడిగి, ఆరబెట్టకుండా వెంటనే తుడిచి, గాలి ఆడేచోట కొంతసేపు ఉంచాక దాచుకోవాలి. పిడి, అలుగు కలిసేచోట నీరు ఇంకి ఉంటుంది; అలుగు మీద జాగ్రత్త అంతా చూపి అక్కడ మరచిపోయేవారు ఎక్కువ. గిన్నెలు కడిగే యంత్రంలో ఈ కత్తిని వేయరాదు: గాఢమైన క్షారపు డిటర్జెంటు, వేడి, గంటల కొద్దీ ఆవిరి కలిసి పొరను, పిడిని, పదునును మూడింటినీ దెబ్బతీస్తాయి.

రోజూ వాడే కత్తికి పది పదిహేను రోజుల్లో అంతటా చాయ వస్తుంది, రెండు మూడు నెలల్లో పొర స్థిరపడిందని చెప్పవచ్చు. స్థిరపడిందనడానికి కంటి కంటే ముక్కు మంచి సాక్షి. కొత్త కత్తితో ఉల్లి తరిగినప్పుడు వచ్చిన ఇనుము వాసన, ముక్కల అంచుల మసక, ఈ రెండూ తగ్గిపోతాయి. ఇనుము వాసన అని మనం అనుకునేది నిజానికి ఇనుముది కాదు. చర్మంలోని కొవ్వుపదార్థాలను ఇనుము అయాన్లు విడగొట్టినప్పుడు పుట్టే కార్బన్ సమ్మేళనాలే ఆ వాసనకు కారణమని 2006లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. పొర గట్టిపడినకొద్దీ బయటికి దిగే ఇనుము అయాన్లు తగ్గుతాయి కనుక వాసన తగ్గడం సహజం.

వెనిగరుతో త్వరపెట్టడం

నెలల తరబడి ఎందుకు ఆగాలని, కత్తిని వెచ్చని వెనిగరులో పదినిమిషాలు ముంచేవారు, చిక్కని కాఫీలో రాత్రంతా ఉంచేవారు, ఆవపిండి ముద్దను చుక్కలుగా అద్ది చారలు తెప్పించేవారు ఉన్నారు. వెనిగరులో ఉండే 4, 5 శాతం ఎసిటిక్ ఆమ్లం నిమిషాల్లోనే అలుగును ముదురుబూడిదగా మార్చేస్తుంది, దాన్ని కడిగి తుడిస్తే గుడ్డకు నల్లటి మసి అంటుతుంది. అంత మసి రావడమే ఆ పొర ఎలాంటిదో చెబుతున్నది: చర్య వేగంగా జరిగింది కనుక పేరుకున్నదాంట్లో ఎక్కువ భాగం వదులు పదార్థం, ఏరివేతకు అవకాశం ఒక్కసారే దొరికింది. పైగా ఆమ్లం అలుగు వెడల్పునూ పదును అంచునూ వేరుచేసి చూడదు. వెంట్రుక కంటే ఎంతో సన్నగా ఉన్న అంచును కూడా అంతే కొరుకుతుంది కనుక ముంచి తీసిన కత్తికి తిరిగి సానపట్టక తప్పదు.

అయినా ఈ పద్ధతిని పూర్తిగా తోసిపుచ్చడం న్యాయం కాదు. తేమ ఎక్కువగా ఉండే చోట్ల, లేదా అందరూ వాడుకునే వంటగదిలో కొత్త కత్తిని పెట్టవలసివచ్చినప్పుడు, తొలివారాల గండం గడవడానికి పలుచని వెనిగరు పొర ఉపయోగపడుతుంది. ముంచి వదిలేయడానికి బదులు వెనిగరు తడిపిన గుడ్డతో సమంగా తుడిచి, రెండు నిమిషాలకు కడిగి, మసిని రుద్ది తీసి, మళ్ళీ అదే చేయడం మేలు. అలా నాలుగైదుసార్లు చేస్తే సహజంగా జరిగే ఏరివేతకు కొంత దగ్గరగా వెళ్ళినట్టవుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. తుపాకులకు, పనిముట్లకు చల్లగా నీలిరంగు వేసే ద్రావణాలు అంగళ్ళలో దొరుకుతాయి, వాటిలో చాలావాటిలో సెలీనియం సమ్మేళనాలు ఉంటాయి. ఆహారాన్ని తాకే కత్తికి వాటిని వాడరాదు.

పొర చేయలేనివి

పాటినా పట్టిన కత్తి స్టెయిన్‌లెస్ అయిపోదు. ఆ పొరలో రంధ్రాలు ఉంటాయి, ఉప్పు దాన్ని ఛేదించగలదు, నిమ్మ కరిగించగలదు. అది తుప్పును ఆపదు, ఆలస్యం చేస్తుంది. తడిగా మరచిపోయిన కొత్త కత్తికి పావుగంటలో జరిగే హాని, ముదురుపొర ఉన్న కత్తికి గంటల్లో జరుగుతుంది. ఈ వ్యవధి వంటింట్లో ఎంతో విలువైనదే, కానీ వ్యవధికి మించి దాన్నుంచి ఆశించకూడదు. దాచి ఉంచే గదిలో గాలి తేమ 60 శాతం దాటుతుంటే తడి కంటికి కనిపించకపోయినా తుప్పు మొదలవుతుంది కనుక, వారాలపాటు వాడని కత్తికి ఆహారానికి పనికివచ్చే మినరల్ ఆయిల్ రెండు చుక్కలు రాసి పెట్టాలి. కొన్ని వంటనూనెలు గాలికి బంకగా మారి దుమ్మును పట్టుకుంటాయి, వాటికి దూరంగా ఉండాలి.

కొన్ని కత్తుల్లో గట్టి ఉక్కును నడుమ పెట్టి, రెండు వైపులా మెత్తని ఇనుమును అతికిస్తారు. ఒకే కత్తిలో ఈ రెండు లోహాలకూ పొర వేర్వేరుగా పడుతుంది: మెత్తని ఇనుము త్వరగా నల్లబడుతుంది, త్వరగా తుప్పు కూడా పడుతుంది. నడిమి ఉక్కు ఇంకా మెరుస్తుండగానే పైవైపు మబ్బుపట్టినట్టు కనిపిస్తే అది లోపమని భావించనక్కరలేదు.

ఎర్రచుక్కలు వస్తే ఏం చేయాలన్నదానికి ముందు, వచ్చినవి ఎర్రచుక్కలో కాదో తేల్చుకోవాలి. తెల్ల కాగితపు రుమాలును కాస్త నూనెతో తడిపి ఆ చోట రుద్దితే నారింజ రంగు అంటుకుంటే అది తుప్పు. లేత బూడిద అంటినా, ఏమీ అంటకపోయినా అది పాటినా. తుప్పు పైపైన ఉంటే వంటసోడాను నీటితో ముద్దచేసి సీసా బిరడాతో అద్దుకుని, ఆ చుక్క మేరకే రుద్ది తీయాలి. అలుగంతా తోమి నలుపును కూడా పోగొట్టడం అనవసరం. తుప్పు తీసినచోట మెరిసే మచ్చ మిగిలితే నాలుగు వంటల్లో అది చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతుంది. తుప్పు లోతుగా దిగి గుంటపడితే ఆ గుంటలో తేమ నిలుస్తూనే ఉంటుంది కనుక సన్నని గరుకు కాగితంతో గుంట అడుగు కనిపించేదాకా తీయవలసిందే.

అన్నిటికంటే తక్కువగా ఆలోచించే విషయం పదును అంచు. సానరాయి మీద కత్తిని పెట్టిన ప్రతిసారీ అంచు వెంట ఉన్న పొర నీళ్ళతో పాటు బూడిద బురదగా వెళ్ళిపోతుంది. అందువల్ల అలుగు ఎంత నల్లబడినా, అది కోసే చోటు మాత్రం ఎప్పుడూ దాదాపు కొత్త కత్తే. ఆహారాన్ని మొదట తాకేదీ, అన్నిటికంటే పలుచగా ఉండేదీ, కొద్దిపాటి కరుగుదలకే మొద్దుబారేదీ ఆ అంచే. తుడిచే గుడ్డ తప్పకుండా అక్కడిదాకా వెళ్ళాలి. సానపట్టిన మరునాడు ఆ సన్నని వెండిగీతను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే, మొదటి ఉల్లిపాయ సగం తరిగేసరికే దాని మీద ఆ లేత బూడిద చాయ మళ్ళీ మొదలవడం కనిపిస్తుంది.